భూమి కాబూలీ శనగ గింజంత అయితే సూర్యుడెంత, ఆరుద్ర ఎంత? చార్మినార్ నుంచి కొలిచే పద్ధతి

అడిగిన విషయం క్లుప్తంగా: పాతబస్తీలో ఒక బడి. ఏడో తరగతి పిల్లలు సైన్స్ ఫెయిర్‌లో భూమిని మిగతా గ్రహాలతో, సూర్యుడితో, పెద్ద నక్షత్రాలతో పోల్చి చూపించాలి. నెట్‌లో దొరికే బొమ్మల్లో అంకెలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. ఏ స్కేలు తీసుకోవాలి, ఏ వస్తువులు వాడాలి?

ముందు స్కేలు తేల్చుకోండి, వస్తువుల సంగతి తరవాత. చాలా బడుల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. ఇంట్లో ఉన్న బంతులన్నీ ముందేసుకుని చిన్నదానికి బుధుడనీ, పెద్దదానికి గురుడనీ చీటీలు అతికిస్తారు. అప్పుడు చూసేవాళ్లకు వరస తెలుస్తుంది గానీ నిష్పత్తి తెలియదు. మీరు చూపించాల్సింది నిష్పత్తే.

భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసం 12,756 కిలోమీటర్లు. దాన్ని సరిగ్గా 1 సెంటీమీటరు చేయండి. ఇక ఏ కొలత వచ్చినా, వ్యాసమైనా దూరమైనా, కిలోమీటర్లను 12,756తో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయి. పిల్లలే క్యాలిక్యులేటర్ పట్టుకుని చేసుకోగల లెక్క. ఈ స్కేలులో గ్రహాల వ్యాసం, సూర్యుడి నుంచి సగటు దూరం ఇలా ఉంటాయి:

బుధుడు: 3.8 మి.మీ., 45 మీటర్లు
శుక్రుడు: 9.5 మి.మీ., 85 మీటర్లు
భూమి: 1 సెం.మీ., 117 మీటర్లు
అంగారకుడు: 5.3 మి.మీ., 179 మీటర్లు
గురుడు: 11.2 సెం.మీ., 610 మీటర్లు
శని: 9.4 సెం.మీ., 1.12 కిలోమీటర్లు
యురేనస్: 4 సెం.మీ., 2.25 కిలోమీటర్లు
నెప్ట్యూన్: 3.9 సెం.మీ., 3.54 కిలోమీటర్లు

సూర్యుడి వ్యాసం 109 సెం.మీ.

వస్తువులకు పెద్ద ఖర్చేమీ ఉండదు. భూమికి బాగా ఎదిగిన కాబూలీ శనగ గింజ, శుక్రుడికి దానికంటే ఒక వెంట్రుకవాసి చిన్న గింజ. అంగారకుడికి పెద్ద మిరియం, బుధుడికి ధనియం. చంద్రుడి వ్యాసం 2.7 మి.మీ. కాబట్టి సన్న సగ్గుబియ్యపు గింజ సరిపోతుంది, రంగు కూడా కుదురుతుంది. యురేనస్, నెప్ట్యూన్‌లకు రెండు టేబుల్ టెన్నిస్ బంతులు తెచ్చుకోండి. ఆ బంతి వ్యాసం 40 మి.మీ. యురేనస్‌కు అతికినట్టు సరిపోతుంది, నెప్ట్యూన్‌కు ఒక మిల్లీమీటరు ఎక్కువ. గురుడికి, శనికి థర్మాకోల్ బంతులు బేగంబజార్‌లోనో, మీ దగ్గరి స్టేషనరీ షాపులోనో దొరుకుతాయి. షాపులో చెప్పిన సైజు నమ్మి తెచ్చేయకండి. బంతి చుట్టూ దారం చుట్టి కొలిస్తే గురుడికి 35 సెం.మీ., శనికి 29.7 సెం.మీ. రావాలి. కొబ్బరికాయ, బత్తాయి లాంటివి వద్దు. కొబ్బరికాయ గుండ్రంగా ఉండదు, పండు రెండు రోజుల్లో వడిలి చిన్నదవుతుంది.

నిజానికి గురుడూ శనీ కూడా పూర్తి గుండ్రం కావు. గురుడు పది గంటల లోపే, శని పదిన్నర గంటల చిల్లరలో తమ చుట్టూ తాము తిరిగేస్తాయి. ఆ వేగానికి నడుము ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోతాయి. మన స్కేలులో గురుడు అడ్డంగా 11.2, నిలువుగా 10.5 సెం.మీ.; శని అడ్డంగా 9.4, నిలువుగా 8.5. థర్మాకోల్‌ను పైనా కిందా ఉప్పుకాగితంతో రుద్దితే ఈ ఆకారం వచ్చేస్తుంది. ఈ ఒక్క పని చేయించారంటే, నెట్‌లో అంకెలు ఎందుకు కలవడం లేదో కూడా పిల్లలకు చెప్పినట్టవుతుంది. ఒకచోట భూమధ్యరేఖ వ్యాసం, ఇంకోచోట సగటు వ్యాసం, మరోచోట వ్యాసార్ధం వేస్తారు. అన్ని గ్రహాలకూ ఒకే రకం కొలత తీసుకోండి. పైన ఇచ్చినవన్నీ భూమధ్యరేఖ వ్యాసాలే.

శని వలయానికి పాత సీడీ తొడిగేయడం మామూలు. అది తప్పు. సీడీ 12 సెం.మీ. మాత్రమే. ప్రధాన వలయాల బయటి అంచు మన స్కేలులో 21.4 సెం.మీ. దాకా వెళ్లాలి. లోపలి అంచు 11.7 సెం.మీ. దగ్గర మొదలవుతుంది. 18.4 నుంచి 19.2 వరకు సన్నటి నల్ల గీత గీస్తే, వలయాల మధ్య కనిపించే కాసినీ ఖాళీ అదే. మందం మాత్రం ఎవరూ సరిగ్గా చూపించలేరు. ఆ వలయాలు చాలాచోట్ల పదుల మీటర్ల మందం కూడా దాటవు. మీరు వాడే కాగితం 0.1 మి.మీ. ఉన్నా, ఈ స్కేలులో అది నూట ఇరవై ఏడు కిలోమీటర్ల పైచిలుకు మందం కింద లెక్క.

సూర్యుడి దగ్గర బెలూన్ ఆలోచన మానుకోండి. పెద్ద బెలూన్ బేరిపండు ఆకారానికి వస్తుంది, గాలి దిగుతుంది. 22×28 అంగుళాల చార్టులు నాలుగు, పొట్టి వైపులు పక్కపక్కన వచ్చేలా రెండేసి చొప్పున అతికిస్తే 112 సెం.మీ. వెడల్పు వస్తుంది. అతుకుకు ఒక సెంటీమీటరు పోయినా 109 సెం.మీ. వృత్తం పడుతుంది. గీయడానికి దారం వాడకండి, సాగుతుంది. సన్నటి చెక్కపట్టీకి ఒక చివర మేకు, అక్కణ్నుంచి 54.6 సెం.మీ. దగ్గర పెన్సిల్ పట్టే రంధ్రం పెట్టి తిప్పండి. గీశాక వ్యాసం మీద శనగ గింజలు వరసగా పేర్చమనండి. 109 పడతాయి. పిల్లల చేత పేర్పిస్తేనే ఆ అంకె వాళ్లకు ఎక్కుతుంది.

"సూర్యుడిలో 13 లక్షల భూములు పడతాయి" అని పోస్టర్ రాసే ముందు ఒక్క నిమిషం ఆగండి. 109ని 109తో, మళ్లీ 109తో గుణిస్తే దాదాపు 13 లక్షలు వస్తుంది, నిజమే. కానీ అది ఘనపరిమాణాల నిష్పత్తి. భూముల్ని పిండిలా చేసి పోస్తేనే అన్ని పడతాయి. గుండ్రటి గింజల్ని డబ్బాలో పోస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి, నిండేది నూటికి 64 వంతులే. ఆ లెక్కన పట్టే భూములు 8 లక్షల పైచిలుకు. ఎంత పద్ధతిగా పేర్చినా నూటికి 74 వంతులు దాటదు, అంటే తొమ్మిదిన్నర లక్షల దగ్గర. పోస్టర్ మీద "ఘనపరిమాణంలో 13 లక్షల రెట్లు" అని రాస్తే ఏ జడ్జీ తప్పు పట్టలేడు. ఇక బరువు వేరే లెక్క: సూర్యుడి ద్రవ్యరాశి భూమికి 3,33,000 రెట్లు. వ్యాసానికి 109, ద్రవ్యరాశికి 3.33 లక్షలు, ఘనపరిమాణానికి 13 లక్షలు. "ఎన్ని రెట్లు పెద్దది" అన్న ప్రశ్నకు ఈ మూడూ జవాబులే. దేని గురించి అంటున్నారో రాయకపోవడం వల్లే సగం గందరగోళం. యురేనస్, నెప్ట్యూన్‌లు ఇందుకు చక్కటి ఉదాహరణ: నెప్ట్యూన్ సైజులో కాస్త చిన్నది, బరువులో మాత్రం ఎక్కువ. యురేనస్ 14.5 భూముల బరువైతే నెప్ట్యూన్ 17.

భూమి, చంద్రుడు జంటను వేరేగా ఒక అట్టమీద పెట్టండి. ఈ స్కేలులో వాటి మధ్య దూరం 30 సెం.మీ. అంటే పిల్లలు గీతలకు వాడే పొడుగు స్కేలంత! ఒక చివర శనగ గింజ, ఇంకో చివర సగ్గుబియ్యం. పాఠ్యపుస్తకం బొమ్మలో రెండూ ఆనుకున్నట్టు చూసినవాళ్లకు ఈ ఒక్క అట్ట చాలు. మిగతా ఏడు గ్రహాలూ ఈ సందులో పట్టేస్తాయని ఒక వీడియో తిరుగుతుంటుంది. ఏడు వ్యాసాలూ కూడితే 30.4 సెం.మీ. అవుతుంది. సగటు దూరం దగ్గర, అందులోనూ భూమి సగం, చంద్రుడి సగం తీసేస్తే, మిగిలే సందు 29.5 సెం.మీ. మాత్రమే. చంద్రుడు బాగా దూరంగా వెళ్లిన రోజుల్లో మాత్రం పడతాయి. పిల్లలతో ఇది కూడికగా చేయిస్తే బాగుంటుంది. భూమి మీద బంకమట్టితో కొండలు పెట్టడం మాత్రం వద్దు. ఎవరెస్ట్ ఈ స్కేలులో 0.007 మి.మీ. వాతావరణం అనుకునే మొదటి 100 కిలోమీటర్లు కూడా 0.08 మి.మీ., ఒక కాగితం మందం.

ఇక దూరాలు. సూర్యుణ్ని చార్మినార్ దగ్గర పెట్టండి. ఉత్తరంగా గుల్జార్ హౌజ్ వైపు నడుస్తుంటే 200 మీటర్ల లోపే నాలుగు చిన్న గ్రహాలూ అయిపోతాయి. గురుడు మదీనా చౌరస్తా దరిదాపుల్లో, శని నయాపూల్ దగ్గర మూసీ పక్కన. అఫ్జల్‌గంజ్ దాటి మొజంజాహీ మార్కెట్ రాకముందే యురేనస్. నెప్ట్యూన్ నాంపల్లి స్టేషన్ దగ్గర. ఇవి తిన్నని గీతలో దూరాలు, రోడ్డు పొడవు కాదు. ఫోన్ మ్యాపులో రెండు చోట్ల మధ్య నేరుగా దూరం కొలిచే సదుపాయం ఉంటుంది, దాంతో ప్రతి చోటూ సరిచూసుకుని చీటీ మీద రాయండి. పిల్లల్ని నడిపించేటట్టయితే ఆదివారం తెల్లవారుజామున వెళ్లండి. మదీనా దగ్గర తరవాత రోడ్డు దాటడం కష్టం.

ఈ నడకలో వెలుగు వేగం కూడా చిన్నదైపోతుంది: సెకనుకు 23.5 సెం.మీ. చార్మినార్ దగ్గర బయలుదేరిన వెలుగు శనగ గింజను చేరడానికి 8 నిమిషాల 19 సెకన్లు, నాంపల్లి చేరడానికి 4 గంటల 10 నిమిషాలు పడుతుంది. మామూలుగా నడిచే మనిషి దానికి ఆరు రెట్ల వేగంతో వెళ్తాడు. సూర్యుడి తరవాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ ఇదే స్కేలులో 31,450 కిలోమీటర్ల దూరం. హైదరాబాద్ నుంచి బయలుదేరి భూగోళం చుట్టూ ముప్పాతిక పైగా తిరగాలి. అక్కడ కనిపించేది 17 సెం.మీ. బంతి.

రోడ్డు మీదికి పోవడం కుదరకపోతే గ్రౌండ్‌కు వేరే స్కేలు ఉంది. అయిదో నంబరు ఫుట్‌బాల్ సుమారు 22 సెం.మీ. దాన్ని సూర్యుడనుకుంటే భూమి 2 మి.మీ. ఆవగింజ, 23.5 మీటర్ల దూరంలో. క్రికెట్ పిచ్ 20.12 మీటర్లు కాబట్టి పిచ్ దాటి మూడున్నర మీటర్లు. గురుడు 2.2 సెం.మీ. పెద్ద గోలీ, 122 మీటర్లు. శనికి 225 మీటర్లు కావాలి, చాలా గ్రౌండ్లలో అక్కడితో ఆపాల్సిందే. రెండు స్కేళ్లనూ ఒకే టేబుల్ మీద కలపకండి. ఫుట్‌బాల్ సూర్యుడి పక్కన శనగ గింజ భూమి పెట్టడం ఫెయిర్లలో ఎక్కువగా కనిపించే తప్పు.

నక్షత్రాల దగ్గరకు వస్తే, తెలుగు ఇళ్లలో పెద్ద నక్షత్రాల పేర్లు ముందే తెలుసు, కార్తెల రూపంలో. పరాయి పేర్ల కంటే వీటితో మొదలుపెట్టడం మేలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోహిణి ఎర్రని నక్షత్రం, ఖగోళ పటాల్లో ఆల్డెబరాన్. వ్యాసం సూర్యుడికి సుమారు 45 రెట్లు. మన స్కేలులో 49 మీటర్లు, అంటే చార్మినార్ మినార్ల ఎత్తు! 109 సెం.మీ. చార్టు పక్కన చార్మినార్ ఫొటో పెట్టి "రోహిణి ఇంత" అని రాయండి, ఇంకేమీ అక్కర్లేదు. స్వాతి, అంటే ఆర్క్‌టూరస్, సూర్యుడికి 25 రెట్లు, 28 మీటర్ల దగ్గర. ఒక సంగతి పిల్లలు తప్పక అడుగుతారు: రోహిణి కార్తెలో రోహిణి కనబడుతుందా? కనబడదు. ఆ రోజుల్లో సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు, అందుకే దానికి ఆ పేరు. రోహిణినీ ఆరుద్రనూ చూడాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాయంత్రాలు మంచివి. స్వాతి వేసవి రాత్రుల్లో బాగా కనిపిస్తుంది.

ఆరుద్ర, అంటే బీటెల్‌జూస్, ఇంకో తరగతికి చెందింది. 2020లో వచ్చిన ఒక లెక్క ప్రకారం సూర్యుడికి 760 రెట్ల దగ్గర. మన స్కేలులో 830 మీటర్ల గోళం. చార్మినార్ దగ్గర సూర్యుడి చోట పెడితే చుట్టూ 415 మీటర్ల దాకా నిండిపోతుంది. బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు అన్నీ లోపలే. మదీనా దగ్గరి గురుడు మాత్రం బయట. వీవై కానిస్ మేజోరిస్ అనే నక్షత్రం 1,400 రెట్ల దగ్గర, దాని అంచు గురుణ్ని కూడా దాటి శనిదాకా రాకుండా ఆగుతుంది.

ఈ పెద్ద అంకెలు రాసేటప్పుడు "సుమారు" అన్న మాట వదలకండి. గ్రహాల వ్యాసాలు కిలోమీటర్లలో తెలుసు. దూరపు నక్షత్రాల వ్యాసాలు అలా కాదు. మొదట ఆకాశంలో అది ఎంత కోణంలో కనిపిస్తుందో కొలుస్తారు, తరవాత దూరంతో గుణిస్తారు. సూర్యుడు కాక వేరే నక్షత్రానికి ఈ కోణాన్ని మొదటిసారి కొలిచింది మైకెల్సన్, పీస్ అనే శాస్త్రవేత్తలు; 1920 డిసెంబరులో, అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో ఉన్న వంద అంగుళాల దుర్భిణితో. కొలిచింది ఈ ఆరుద్రనే. కోణం 0.047 ఆర్క్‌సెకన్లు వచ్చింది (ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను). కోణం కుదిరినా దూరం దగ్గర తేడా వస్తే సైజు అంతా మారిపోతుంది. యూవై స్కూటీ అనే నక్షత్రం అన్నిటికంటే పెద్దదని తిరిగే వీడియోల్లో 1,700 రెట్లు అంటారు. తరవాతి లెక్కల్లో అది దాదాపు సగానికి తగ్గింది. కాబట్టి "అన్నిటికంటే పెద్ద నక్షత్రం" అనే చీటీ పెట్టకపోవడమే మంచిది.

ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి నక్షత్రాలకు గట్టి అంచు ఉండదు. ఆరుద్రలో ఉన్న ద్రవ్యరాశి సూర్యుడికి ఇరవై రెట్లు కూడా లేదు, పరచుకున్న చోటు మాత్రం 44 కోట్ల సూర్యుళ్లంత. సగటున చూస్తే మన గదిలో గాలి కంటే ఇరవై వేల రెట్లు పలచన. దీనికి సరిగ్గా ఎదురుగా సిరియస్ బి నిలుస్తుంది. రాత్రి ఆకాశంలో నక్షత్రాలన్నిటికంటే ప్రకాశవంతంగా కనిపించే లుబ్ధకుడికి, అంటే సిరియస్‌కు, అది జంట నక్షత్రం. సూర్యుడంత బరువు ఉంటుంది, వ్యాసంలో మాత్రం భూమి కంటే చిన్నది. మన స్కేలులో 9 మి.మీ., కాస్త చిన్న శనగ గింజ. అందులోని పదార్థం ఒక చెంచాడు తీస్తే పది టన్నులకు పైన తూగుతుంది. భూమి గింజ పక్కనే ఇంకో గింజ పెట్టి "ఇదీ నక్షత్రమే" అని రాయండి. ఎగ్జిబిషన్ మొత్తంలో ఎక్కువ మంది ఆగే చోటు అదే అవుతుంది. న్యూట్రాన్ నక్షత్రం ఇంకా చిన్నది, సుమారు 20 కిలోమీటర్ల వ్యాసం. 158 కిలోమీటర్ల మన ఔటర్ రింగ్ రోడ్డు లోపల సులువుగా పట్టేస్తుంది. శనగ గింజ స్కేలులో అది కంటికి ఆనదు.

"సూర్యుడు 109 రెట్లని మీకెలా తెలుసు?" అని జడ్జీలు అడిగితే పిల్లలు కొలిచి చూపించవచ్చు. తూర్పు కిటికీ ఉన్న గది, ఉదయం తొమ్మిది లోపు. కిటికీని అట్టతో మూసి, అట్టకు చిన్న కోత పెట్టి దాని మీద అల్యూమినియం ఫాయిల్ అతికించి, 2 మి.మీ. రంధ్రం గుండ్రంగా చేయండి. రంధ్రం నుంచి సరిగ్గా 3 మీటర్ల దూరంలో తెల్ల కాగితం పట్టుకుంటే దాని మీద సూర్యుడి బొమ్మ పడుతుంది. వేపచెట్టు నీడలో కనిపించే గుండ్రటి వెలుగుచుక్కలు కూడా ఇలాంటివే. రంధ్రంలోంచి సూర్యుణ్ని ఎవరూ చూడకూడదు. చూడాల్సింది కాగితాన్నే, పక్కన ఒక పెద్దవాళ్లు ఉండాలి.

బొమ్మ 30 మి.మీ. దగ్గర వస్తుంది. రంధ్రం వెడల్పు 2 మి.మీ. తీసేస్తే 28. మూడు వేల మిల్లీమీటర్లను 28తో భాగిస్తే 107. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం 14,96,00,000 కిలోమీటర్లు, దాన్ని 107తో భాగిస్తే 13 లక్షల 98 వేలు. అసలు వ్యాసం 13 లక్షల 92 వేలు. బొమ్మ కోడిగుడ్డులా సాగితే కాగితం వాలుగా పట్టుకున్నారన్నమాట; నిటారుగా సరిచేయండి, లేదా పొట్టి వైపు కొలవండి. అంచు మసకగా ఉంటే రంధ్రం చిరుగులు పడి ఉంటుంది, కొత్త ఫాయిల్ పెట్టండి. కొలత 32 దాకా వస్తే చాలాసార్లు దూరమే 3 మీటర్లు దాటి ఉంటుంది, టేపును ఫాయిల్ నుంచే మొదలుపెట్టాలి, కిటికీ చట్రం నుంచి కాదు. మీ ఫెయిర్ జనవరి మొదట్లో అయితే భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి రంధ్రం తీసేసిన కొలత 28.4 మి.మీ. రావాలి, జూలై మొదట్లో అయితే 27.4.